ఇంజన్ ఒక ఇంట్లో, బండి ఒక ఇంట్లో

మా వదిన ఆరేళ్ళ తర్వాత మా ఇంటికొచ్చిన రోజున ఆటోలోంచి దిగలేదు. గేటు ముందు ఆటో ఆగింది, డ్రైవరు దిగి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు, ఆవిడ మాత్రం అలాగే కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర పాత దుప్పటిలో చుట్టిన పెద్ద మూట. దాని మీద రెండు చేతులూ ఆనించి, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు పట్టుకుంది.

నేను తడి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తాను. "రండి వదినా, లోపలికి రండి" అన్నాను.

"ముందు ఇది దిగాలి. ఒక్కదాన్నీ మొయ్యలేను. మీ ఆయనున్నాడా?"

ఉన్నాడు. ముందుగదిలో, కిటికీ తెర వెనక. ఆటో ఆగినప్పట్నుంచీ అక్కడే ఉన్నాడని నాకు తెలుసు. లోపలికెళ్ళి చెప్పాను. తెర అంచు సర్దుతూ, "ఇంజనొక్కటే వచ్చిందా, మనిషి కూడా వచ్చిందా?" అని అడిగాడు.

"రెండూ వచ్చాయి. వెళ్ళి పట్టండి."

వెళ్ళాడు. అక్క ముఖం చూడకుండా వంగి మూట ఒక వైపు పట్టాడు. రెండో వైపు ఆవిడ పట్టింది. గేటు దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఒకసారి ఆగి, ఒక్క మాట లేకుండా దాన్ని షెడ్డులోకి మోసుకెళ్ళారు. దించేటప్పుడు మా ఆయన వేలు కింద నలిగింది. పళ్ళు బిగబట్టాడే గాని కిక్కురుమనలేదు. ఆవిడ చూసింది.

మా వదిన కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. ముందు కౌంటరు దగ్గర కాదు, వెనక గదిలో. అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగించడం ఆవిడ పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్ళీ మొదట్నుంచీ చేస్తుంది. షాపులో అందరూ ఆవిణ్ణి కొలతలమ్మ అంటారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరో అడిగితే, "వచ్చినవాళ్ళందరూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ మాట్లాడారు" అందట. ఇద్దరం కలిసి ఏదైనా కొనడానికి వెళ్తే నాకు పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. దిండు గలీబు కొనడానికి కూడా టేపు తీస్తుంది.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. నేర్పే కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చీ, ఒక బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తప్పు చెయ్యబోయే లోపలే ఆయన కాలు నొక్కెయ్యాలి. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో ఇంట్లో సోఫాలో కూర్చున్నా కాలు ఊరుకోదు. వంటింట్లో గిన్నె కింద పడితే ముందుగదిలో ఈయన నేలని తొక్కుతాడు.

వీళ్ళ నాన్న, మా మామయ్యగారు, ఊళ్ళో మంచినీళ్ళ పైపులైన్లు చూసే ఉద్యోగం చేసేవారు. ఆ తిరుగుడుకి ఒక మోటార్ సైకిల్ ఉండేది. మా వదిన పుట్టకముందే దాన్ని ఎవరి దగ్గరో పాతదిగా కొన్నారు. సెలవు రోజు వస్తే దాన్ని పెరట్లో విప్పుకుని కూర్చునేవారు. మా వదిన పక్కన చతికిలబడి టార్చి పట్టుకునేది, అడిగిన స్పానర్ అందించేది. మా ఆయన మాత్రం బండి మళ్ళీ ఎప్పుడు కలుస్తుందా, ట్యాంకు మీద కూర్చుని వీధి చివరిదాకా ఎప్పుడు వెళ్తామా అని చుట్టూ తిరిగేవాడట. ఆవిడకి విప్పడం ఇష్టం, ఈయనకి ఎక్కడం ఇష్టం.

మామయ్యగారు చివర్లో మాతోనే ఉన్నారు. బండి ఇంజన్ దించి, బాగు చేద్దామని షెడ్డులో పెట్టుకున్న రోజుల్లోనే ఛాతీలో నొప్పి వచ్చింది. అప్పుడు మా వదిన ఊళ్ళో లేదు. కొత్త మిషన్ మీద పని నేర్చుకు రమ్మని షాపువాళ్ళు దూరం పంపించారు. ఫోన్లో ఒకటే మాట చెప్పింది. "నేను బయల్దేరుతున్నా. వచ్చేదాకా దేనికీ ఒప్పుకోకు." మా ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. మామయ్యగారు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మా వదిన వచ్చేసరికి ఇంటి నిండా చుట్టాలు. భుజాన సంచీ కూడా దించకుండా, అందరి ముందూ, "ఆగమన్నానా లేదా?" అని అడిగింది. మా ఆయన, "అంతా అయ్యాక సలహా చెప్పడానికి నువ్వెప్పుడూ ముందుంటావు" అన్నాడు. అక్కడితో మాటలు ఆగిపోయాయి. ఆ వారంలోనే, ఈయన పనికి వెళ్ళినప్పుడు చూసుకుని, ఆవిడ మనిషిని పెట్టి ఇంజన్ మోయించుకెళ్ళిపోయింది. చక్రాలూ ట్యాంకూ ఫ్రేమూ మా షెడ్డులో ఉండిపోయాయి.

నేను మధ్యమధ్య ఆవిడ గదికి వెళ్ళొస్తూ ఉండేదాన్ని. ఈయనకి తెలిసే వెళ్ళేదాన్ని. ఉన్న ఒక్క బల్ల మీదా ఇంజనే ఉండేది. ఆవిడ అన్నం కిటికీ గట్టు మీద పెట్టుకుని తినేది. ఒక్కో నట్టూ కిరసనాయిల్లో నానబెట్టి, గీకి, తుడిచి, వరసగా గుడ్డ మీద పేర్చేది. కొన్ని నెలలు దాన్ని తాకేది కాదు. మళ్ళీ మొదలుపెట్టేది.

ఇప్పుడెందుకు తెచ్చిందో మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ నాకు చెప్పింది. మాట నాకే గాని, గొంతు షెడ్డుకి వినిపించేంత పెద్దదిగా ఉంది. "నేనుండే ఇల్లు పడగొడుతున్నారు. కొత్తది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. దీన్ని అక్కడికి ఎక్కించలేను. ఫ్రేములో పెట్టి నడిపించాలి, లేదా పాత ఇనుముకి వెయ్యాలి. పెట్టేది నేనే. సెలవు రోజుల్లో వచ్చి చేసుకుంటా. మీ ఆయనకి అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పమను."

నేను షెడ్డులోకి వెళ్ళాను. ఆయన నలిగిన వేలు నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "షెడ్డుకి తాళం వెయ్యనని చెప్పు" అన్నాడు.

అలా నేను ఆ ఇంట్లో పోస్టాఫీసునయ్యాను.

మొదటి రోజే ఆవిడ ఫ్రేము మీద కప్పిన పట్టా తీసి, వేలితో రాసి చూసింది. దుమ్ము లేదు, తుప్పు లేదు. గొలుసుకి కొత్తగా నూనె రాసి ఉంది. నా వైపు తిరిగింది. నేను భుజాలెగరేశాను. అప్పుడప్పుడు పొద్దున్నే ఈయన షెడ్డులో ఏం చేస్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

తర్వాత్తర్వాత పని ఇలా నడిచేది. ఇద్దరూ మూడడుగుల దూరంలో కూర్చుంటారు. ఆవిడ, "మీ ఆయన్ని ఆ బోల్టు కాస్త వదులు చెయ్యమను" అంటుంది. ఈయన నేను చెప్పేదాకా ఆగుతాడు. నేను చెప్తాను. అప్పుడు వదులు చేస్తాడు. పొయ్యి మీద కూర మాడిపోతోందని నేను లోపలికి పరిగెడితే పని ఆగిపోయేది. ఒకసారి ఇద్దరూ ఇంజన్ని చెరోవైపు ఎత్తి పట్టుకుని, ఫ్రేములో ఇరుక్కుని, "పైకి" అనాలో "పక్కకి" అనాలో చెప్పుకోలేక చెమటలు కక్కుతూ నిలబడ్డారు. నేను పాల ప్యాకెట్టు తీసుకుని గేట్లోంచి వస్తూ చూశాను. నవ్వాలనిపించింది. ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి. నవ్వలేకపోయాను.

భయం కూడా ఉండేది నాకు. ఆ షెడ్డులో బరువైన ఇనప సామాన్లూ, పెట్రోలు డబ్బా, ఆరేళ్ళ కోపం ఒకే చోట ఉన్నాయి. ఏ మాట ఎప్పుడు జారుతుందో తెలీదు.

జారింది పిస్టన్ దగ్గర.

పాత పిస్టన్ అరిగిపోయింది. సిలిండర్ లోపల గీతలు పడ్డాయి. సిలిండర్ని లేత్ షాపులో కాస్త పెద్దగా తొలిపించి, దానికి తగ్గ కొత్త పిస్టన్ వెయ్యాలి. రెండింటి మధ్యా సన్నటి సందు వదలాలి. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే నాలుగు ముక్కలంత సందు చాలని మా వదిన లెక్క. లేత్ షాపాయన మా ఆయనతో వేరేగా చెప్పాడు.

"మీ వదినకి చెప్పు" అన్నాడు ఈయన. "ఈ కొత్త పిస్టన్ లోహం వేరేదట. వేడెక్కితే పాతదానికన్నా ఎక్కువ ఉబ్బుతుందట. ఆరు ఇమ్మన్నాడు."

నేను నోరు తెరిచేలోగా ఆవిడ అంది. "నాన్న నాలుగే ఇచ్చేవాడని చెప్పు. ఆరిస్తే డబ్బాలో రాళ్ళేసినట్టు మోగుతుంది."

"నాన్న ఇచ్చింది పాత పిస్టన్‌కని చెప్పు."

"కొలిచేది నేను. నాలుగు."

మా ఆయన చేతిలో గుడ్డని నేలకేసి కొట్టాడు. "ఎప్పుడూ ఇంతే. తను చెప్పిందే జరగాలి. తను ఉన్నా సరే, లేకపోయినా సరే."

ఈసారి ఆ మాట నాకు చెప్పలేదు. గోడకి చెప్పాడు. మా వదిన చేతిలోని కొలత పరికరాన్ని నెమ్మదిగా దాని పెట్టెలో పెట్టి, మూత వేసి, "నాలుగని రాసివ్వు, లేత్ షాపుకి నేనే తీసుకెళ్తా" అంది నాతో. మా ఆయన లోపలికెళ్ళి రోజంతా బయటికి రాలేదు. సిలిండర్ నాలుగు లెక్కకే తయారై వచ్చింది.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు నేను పెట్రోలు డబ్బాని షెడ్డు బయట దూరంగా పెట్టి, నీళ్ళ బకెట్టు దగ్గర పెట్టుకున్నాను. మా ఆయన కిక్కు కొట్టాడు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాడు. బండి దగ్గింది. ఇంకోసారి కొట్టేసరికి కిక్కు రాడ్డు ఎదురు తన్ని, ఆయన పిక్క మీద తగిలింది. ఆయన ఒంటికాలి మీద షెడ్డంతా తిరిగాడు. మా వదిన కింద కూర్చుని, ఇంజన్ పక్క మూత తీసి, నిప్పు పుట్టించే పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి, చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ చూసింది. "నిప్పు ముందే పడుతోంది, టైమింగ్ ముందుంది. ఒక గీత వెనక్కి జరిపాను. ఇప్పుడు తన్నదని చెప్పు."

"తన్నిన కాలు నాది" అన్నాడు ఆయన నాతో. అయినా కొట్టాడు.

పట్టుకుంది. ముందు పొగ, తర్వాత చెవులు పగిలే మోత. షెడ్డు రేకులు అదిరాయి. ఆవిడ స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బురేటర్ దగ్గర వంగింది. ఒక మరని పావు చుట్టు లోపలికి, మళ్ళీ అందులో సగం బయటికి. మోత తగ్గింది. ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడసాగింది. ఆవిడ తల ఇంజన్‌కి దగ్గరగా వంచి, కళ్ళు మూసుకుని, ఇంకాస్త తిప్పింది. బండి నిలకడగా, తొందర లేకుండా కొట్టుకుంటోంది. మామయ్యగారు గేటు దగ్గర బండి ఆపకుండా, నన్ను సంచీ తెమ్మని పిలిచేటప్పుడు వినపడే చప్పుడు అది. నేను చెంగుతో కళ్ళొత్తుకున్నాను. అక్కా తమ్ముళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చూసుకున్నామని తెలియగానే, ఈయన పెట్రోలు పైపు చూడడానికీ ఆవిడ చేతులు కడుక్కోవడానికీ వెళ్ళిపోయారు.

తర్వాత కొన్ని వారాలు ఈయన బండిని చదును రోడ్ల మీద మెల్లగా తిప్పాడు. తిప్పి వచ్చిన ప్రతిసారీ ఆవిడ ప్లగ్గు విప్పి వెలుతురులో చూసేది. కాఫీ పొడి రంగు ఉండాలట. తెల్లగా వస్తోంది. లోపల వేడి ఎక్కువవుతోందన్నమాట. పెట్రోలు కాస్త ఎక్కువ వెళ్ళేలా ఆవిడ కార్బురేటర్ సూదిని ఒక మెట్టు పైకి జరిపింది. కాస్త రంగొచ్చింది. అయినా ఆవిడ ముఖంలో తృప్తి లేదు.

"బరువు లాగేటప్పుడు ఏం చప్పుడు చేస్తుందో వినాలి" అంది ఒకరోజు. "వెనక కూర్చుంటా. కొండ రోడ్డెక్కించమను."

ఊరి చివర నీళ్ళ ట్యాంకుకి వెళ్ళే రోడ్డు ఒకటుంది. మొదలంతా తిన్నగా ఉండి, పైన మలుపులు తిరుగుతుంది. రాళ్ళ లారీలు కిందికి దిగేది దాని మీదే.

"కొత్త పిస్టన్‌తో అప్పుడే కొండెక్కకూడదని చెప్పు" అన్నాడు మా ఆయన.

"భయమైతే మానెయ్యమను."

నేను ఆ మాట చేరవెయ్యలేదు. చేరవెయ్యక్కర్లేదు కదా, మూడడుగుల దూరం. ఆయన హెల్మెట్ తీసుకున్నాడు. నాకు మనసొప్పలేదు. డ్రైవింగ్ స్కూలు కారు ఇంటి ముందే ఉంది. తాళం తీసుకుని, ఆయన నేర్పిన డ్రైవింగుతోనే వాళ్ళ వెనకే బయల్దేరాను.

తిన్నని రోడ్డు మీద బండి హాయిగా వెళ్ళింది. మా వదిన వెనక నిటారుగా కూర్చుని, తమ్ముణ్ణి పట్టుకోకుండా సీటు కింద కడ్డీని పట్టుకుంది. తల ఒక పక్కకి వంచి వింటోంది. ఎత్తు మొదలైంది. చప్పుడు బరువెక్కింది. మెల్లగా వెళ్తారనుకున్నాను. యాక్సిలరేటర్ మీద మా ఆయన చెయ్యి ఇంకా ఇంకా మెలితిరిగింది. నా ముందు బండి దూరమైపోతోంది. నేను కారులో ఒక్కదాన్నే, "వద్దండీ, మెల్లగా" అంటున్నాను.

మొదటి మలుపు దగ్గర బండి చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ వెంటనే టైరు రోడ్డుని గీకిన కీచుమనే శబ్దం. పిస్టన్ ఉబ్బి ఇరుక్కుని, ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసి, బిగుసుకుపోయి, బండి తోక అడ్డంగా ఊగుతూ రోడ్డు అవతలి పక్కకి జారింది. అదే సమయానికి మలుపులోంచి లారీ ముఖం కనపడింది. నేను కాలికి దొరికింది తొక్కాను. ఏ పెడల్ తొక్కానో, కారు ఎలా ఆగిందో నాకు గుర్తు లేదు. మా వదిన తెల్లటి హెల్మెట్టొక్కటే కనిపిస్తోంది.

మరుక్షణం వెనక చక్రం వదిలింది. బండి మళ్ళీ తిన్నగా అయ్యి, ఇటువైపుకి వచ్చేసింది. లారీ హారన్ మోగిస్తూ, గాలి కొడుతూ, మా పక్కనుంచి దిగిపోయింది. బండి రోడ్డు వార కంకర మీదికి దిగి, కంచె రాయికి జానెడు దూరంలో ఆగింది.

నేను పరిగెత్తాను. చెప్పొకటి ఊడిపోయింది. ఇద్దరూ బండి మీదే ఉన్నారు. కాళ్ళు నేల మీద ఆన్చుకుని, దిగకుండా, ముందుకు చూస్తూ ఉన్నారు. మా ఆయన ఎడమచెయ్యి క్లచ్చిని ఇంకా బిగించి పట్టుకునే ఉంది. మా వదిన రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ ఉన్నాయి. వేడి ఇంజన్ టిక్కు టిక్కుమంటోంది.

ముందు ఆవిడే మాట్లాడింది. నాతో కాదు.

"క్లచ్చి ఎప్పుడు పట్టుకున్నావురా?"

"తెలీదు. చెయ్యి వెళ్ళిపోయింది. తర్వాతే నాకు తెలిసింది."

"నేను నాలుగన్నాను."

"అన్నావు. నేను కూడా మెల్లగా ఎక్కించాల్సింది. ఎక్కేసరికి ఒళ్ళు మరిచిపోయాను, మెలిపెట్టేశాను."

నేను వాళ్ళని దింపాను. కంచె పక్కన రాళ్ళ మీద కూర్చోబెట్టి, కారులోంచి నీళ్ళ సీసా తెచ్చాను. ఆయన తాగి అక్కకిచ్చాడు. ఆవిడ తాగలేదు.

"ఆ రోజు కూడా ఇంతేనా?" అని అడిగింది.

ఆయన చేతి తొడుగులు విప్పాడు. "ఆ రోజు డాక్టరు తలుపు దగ్గరే నిలబడి అడిగాడు" అన్నాడు. "చెయ్యకపోతే సాయంత్రం దాకా ఉండడన్నాడు. చేస్తే చెప్పలేమన్నాడు. నాన్నకి తెలివుంది అప్పుడు. నా చెయ్యి పట్టుకుని, అక్క వచ్చేదాకా ఆగరా అన్నాడు."

ఇన్నేళ్ళలో నాకు కూడా చెప్పని మాట.

"ఆగమన్నాడా నాన్న?" అంది మా వదిన.

"అన్నాడు. నువ్వూ అన్నావు. ఇద్దరి మాటా వినలేదు నేను. అప్పటికే ఊపిరి అందట్లేదక్కా. పెదాలు నీలంగా అయిపోతున్నాయి. నేను చూస్తూ కూర్చోలేకపోయాను. సరే చెయ్యండి అన్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నిన్ను చూడాలన్నాడు, నేను చూడనివ్వలేదనా?"

మా వదిన సీసా మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చుంది. నేను ఆవిడ ముఖం వైపు చూడ్డానికి భయపడ్డాను. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఇంక ఈ జన్మకి రాదనుకున్నాను.

"నేను చేరేసరికి సాయంత్రం దాటింది" అంది. "దారిపొడుగునా బస్సులో కూర్చుని నీ మీద కోపం తెచ్చుకుంటూనే ఉన్నాను. అది తగ్గితే వేరేది ఏదో వచ్చేస్తుందని భయమేసి." సీసా మూత తీసింది. "నేనుండి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఆగేదాన్ని. నాన్న సాయంత్రం లోపే పోయేవాడు. అప్పుడు నువ్వు నన్ను అడిగేవాడివి, ఎందుకు ఒప్పుకోలేదని."

"అడిగేవాణ్ణి" అన్నాడు మా ఆయన.

ఇంకేమీ అనుకోలేదు. ఏడవలేదు, కౌగిలించుకోలేదు. ఆవిడ నీళ్ళు తాగి లేచింది. ముగ్గురం కలిసి బండిని కంకర మీంచి రోడ్డు మీదికి తోశాం. దిగువకి న్యూట్రల్లో వదిలి, ఈయన బ్రేకు పట్టుకుని బండి మీద, ఆవిడ కారులో నా పక్క సీట్లో, ఊళ్ళోకి దిగాం. దారంతా ఆవిడ కాళ్ళ కింద ఉన్న ఆ రెండో బ్రేకుని తొక్కుతూనే ఉంది. నేను వద్దనలేదు.

పిస్టన్ బయటికి తీస్తే దాని ఒంటి మీద రెండు వైపులా బొటనవేలంత మేర మెరుస్తూ గీసుకుపోయిన మచ్చలు. మా వదిన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసింది. మర్నాడు షాపుకి సెలవు పెట్టి సిలిండర్ తీసుకుని లేత్ షాపుకి తనే వెళ్ళింది. ఎంత సందు ఇప్పించావని నేను అడగలేదు. మా ఆయన మాత్రం ఊరుకోలేదు.

"ఎంతకి చేయించావు?"

"ఆయన ఎంత చెప్తే అంత."

"ఆరేనా?"

"ఆరే. మోగితే మాత్రం నన్ననకు."

మోగింది, కాస్త. చల్లగా ఉన్నప్పుడు గలగలమనేది. వేడెక్కాక సర్దుకునేది. ఆ గలగల గురించి వాళ్ళు పోట్లాడుకున్నంతగా ఎవరైనా పోట్లాడుకోవడం నేనింకెక్కడా చూడలేదు. సూది ఏ మెట్టు మీద ఉండాలో, టైమింగ్ ఎంత వెనక్కి ఉండాలో, గొలుసు ఎంత వదులుండాలో, అన్నిటికీ గొంతులు లేచేవి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీ ఇంట్లో గొడవలా?" అని అడిగింది. "కాదండీ, మాట్లాడుకుంటున్నారు" అన్నాను.

ప్లగ్గు కాఫీ పొడి రంగుకి వచ్చిన రోజున మా వదిన, "నాకు నడపడం నేర్పు" అంది తమ్ముడితో. యాభై దాటిన మనిషి. సైకిల్ తప్ప ఏదీ తొక్కలేదు ఎన్నడూ. ఆయన ఎంతమందికో నేర్పించాడు గాని, అక్కకి నేర్పడానికి చెమటలు పట్టాయి. మోటార్ సైకిల్ మీద ఆయనకి రెండో బ్రేకుండదు. మైదానంలో ఆవిడ గుండ్రంగా తిరుగుతుంటే ఈయన పక్కన పరిగెత్తేవాడు. ఆవిడ రెండుసార్లు పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. నేను మందు రాస్తుంటే, "ఎడమ వైపు ఎక్కువ వంగుతున్నాను, అదే తప్పు" అంది తప్ప అబ్బా అనలేదు.

తర్వాత ఎప్పుడో, ఒక మబ్బు పట్టిన పొద్దున, ఆవిడ ఒక్కతీ కొండ రోడ్డెక్కుతానంది. మా ఆయన వద్దనడానికి నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. మూసేశాడు.

తిన్నని రోడ్డు చివర కారాపుకుని మేమిద్దరం నిలబడ్డాం. బండి ఎత్తెక్కింది. మొదటి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఇంక చప్పుడొక్కటే మిగిలింది. గేరు మార్చినప్పుడు ఒకసారి తగ్గి, మళ్ళీ అందుకుంది. పైన ఎక్కడో సన్నబడింది. అసలు వినపడ్డం మానేసింది. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, గాజు ఒత్తుకునేంత గట్టిగా. ఒక లారీ దిగి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మా ముందునుంచి వెళ్ళే దాకా ఇద్దరం డ్రైవర్ల ముఖాల్లోకి చూశాం, ఏమైనా చెప్తారేమోనని. వాళ్ళు పాటలు పెట్టుకుని వెళ్ళిపోయారు.

"నేను పైకెళ్తా" అని ఆయన కారు తలుపు తీశాడు.

"ఉండండి" అన్నాను. "వింటున్నారా?"

ముందు అనుమానంగా, తర్వాత స్పష్టంగా, బండి చప్పుడు దిగుతోంది. మలుపులో తెల్ల హెల్మెట్ కనిపించింది. ఆవిడ మా దగ్గరికొచ్చి, బండాపి, స్టాండు వెయ్యబోయి, అందక, మళ్ళీ వేసింది. హెల్మెట్ తీసింది. జుట్టంతా చెదిరిపోయి, ముక్కు ఎర్రగా అయిపోయి ఉంది.

"ట్యాంకు దగ్గర చాలా చల్లగా ఉందిరా" అంది. "ఊరంతా కనపడుతోంది. మీ ఇంటి రేకులు కూడా."

మా ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి చూసి, ఇంజన్ పక్కన కూర్చుని చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూశాడు. తర్వాత అక్కడే రోడ్డు వార గడ్డిలో చతికిలబడ్డాడు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి. నేను కారులో కూర్చోమని పిలిచాను. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.